ఆగకుండా నడిచే నర్సును తయారుచేయడం ఎలా?

నర్సింగ్ ట్యూటర్లకు, వార్డు ఇన్‌చార్జిలకు తొమ్మిది చిట్కాలు, ఒక మాదిరి ప్రశ్నపత్రం

జబ్బు నయమై ఇంటికెళ్ళే పేషెంటు వార్డులో స్వీట్లు పంచి వెళతాడు. నయం కానివాడు ప్రశ్నలు పంచుతాడు. నేను బతుకుతానా? ఇంకెన్నాళ్ళు? ఈ నొప్పి ఇంకా పెరుగుతుందా? ఇలాంటి వాటికి జవాబు వెతుక్కుంటూ మంచం పక్కన నిలబడిపోయిన నర్సు ఆ షిఫ్టుకి పనికిరాదు. ముప్ఫై మంచాలకు ఇద్దరు సిస్టర్లున్న వార్డులో ఒకామె ఆగిందంటే సగం వార్డు ఆగినట్టే. అందుకని నర్సింగ్ పిల్లలకు మొదటి ఏడాది నుంచే ఒక విద్య అలవాటు చెయ్యాలి: పోతున్న మనిషి మంచం దగ్గర నడక వేగం తగ్గకుండా చూసుకోవడం. అందుకు అక్కరకొచ్చే పద్ధతులు కింద ఇస్తున్నాం. వీటిలో చాలావరకు ఇప్పటికే అమల్లో ఉన్నవే గనుక కొత్తగా ఖర్చేమీ ఉండదు.

1. పాఠాన్ని పరీక్షల ముందు వారానికి నెట్టండి

చివరి దశ పేషెంట్ల సంరక్షణ అన్న పాఠం సిలబస్‌లో ఉంటే తీసేయడం మన చేతిలో లేదు. ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. పోర్షన్ కాలేదని పిల్లలు కంగారుపడే రోజుల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒక్క గంటలో స్లైడ్లు తిప్పి ముగించండి. పాలియేటివ్ కేర్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం రాయించి, ఐదు మార్కులు గ్యారంటీ అని చెప్పండి. ఇక ఎవరూ తల ఎత్తరు.

చనిపోయాక చేయాల్సిన పనులు మాత్రం శ్రద్ధగా నేర్పించండి. కళ్ళు మూయడం, దవడ కట్టడం, ముక్కులో దూది పెట్టడం, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టడం, చీటీ తగిలించడం. వాటికి వరుస ఉంది, మార్కులున్నాయి. చావుకి ముందుండే మూడు రోజులకో మూడు వారాలకో అలాంటి వరుసేమీ లేదు కాబట్టి వదిలేయవచ్చు. ప్రాక్టీసుకు డెమో గదిలోని ప్లాస్టిక్ బొమ్మ చాలు. దానికి నోరెండదు, భయం వెయ్యదు, అర్ధరాత్రి లేచి చిన్నకొడుకు వచ్చాడా అని అడగదు.

2. ఐదు దశలు బట్టీ పట్టించండి

మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో తెచ్చిన పుస్తకంలో చావును ఎదుర్కొనేవాళ్ళ మనసులో కనిపించే ఐదు దశలు చెప్పింది: నమ్మకపోవడం, కోపం, బేరం, దిగులు, ఒప్పుకోవడం. పరీక్షకు ఇంతకన్నా అనుకూలమైన సరుకు దొరకదు. ఎక్కాల్లా అప్పజెప్పించండి.

ఆ పుస్తకం ఎలా పుట్టిందో మాత్రం చెప్పకండి. ఆమె షికాగోలో పాఠం చెప్పేటప్పుడు చావు దగ్గరపడిన రోగులనే పిలిచి, విద్యార్థులు వింటుండగా వాళ్ళతో మాట్లాడేది. రోగే గురువు అన్నమాట. ఇది తెలిస్తే మన పిల్లలు కూడా రోగి నోట విందామని బయల్దేరతారు. ఆ దశలు అందరికీ ఆ వరుసలోనే రావాలని లేదని ఆమె తర్వాత స్పష్టం చేసిన సంగతి కూడా దాచండి.

దశల వల్ల వార్డులో గొప్ప సౌకర్యం ఉంది. ఏడో నంబరు పెద్దాయన పొద్దున్నుంచీ కసురుకుంటున్నాడనుకోండి. బెడ్‌పాన్ కోసం అరగంట నుంచి పిలుస్తున్నా ఎవరూ రాలేదన్నది ఆయన ఫిర్యాదు. కేర్ ప్లాన్‌లో 'రెండో దశ: కోపం' అని రాయమనండి. రికార్డు నిండుతుంది. బెడ్‌పాన్ సంగతి సాయంత్రం షిఫ్టు చూసుకుంటుంది.

3. 'చేసేదేమీ లేదు' అనే మాటను హ్యాండోవర్‌లో చేర్చండి

ఇక లాభం లేదనుకున్న పేషెంటును వార్డు చివరి మంచానికి మార్చి, స్క్రీను అడ్డం పెట్టి, అందరికన్నా చిన్న విద్యార్థినికి అప్పగించండి. పేరుతో పిలవనివ్వకండి, నంబరు చాలు. షిఫ్టు మారేటప్పుడు చెప్పాల్సింది ఒకే వాక్యం: "పదకొండు, టెర్మినల్ కేసు, చేసేదేమీ లేదు."

ఈ వాక్యం ఎంత పని తగ్గిస్తుందో చూడండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, మడమల కింద దిండు పెట్టడం, విరేచనమై ఎన్నాళ్ళైందో అడగడం, ఎండిన నోరు తడపడం, తడిసిన దుప్పటి మార్చడం, ఇవన్నీ ఒక్క దెబ్బతో మాయం. నోటి క్యాన్సరు పుండు వాసనకు ఇంటివాళ్ళు దూరం జరిగి కూర్చున్నారనుకోండి. మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా నూరి పుండు మీద చల్లి డ్రెస్సింగ్ చేస్తే వాసన తగ్గుతుందని, మనవరాలు మళ్ళీ దగ్గరికొచ్చి కూర్చుంటుందని కొందరు సిస్టర్లకు తెలుసు. అలాంటివాళ్ళ డ్యూటీ మన విద్యార్థుల డ్యూటీతో కలవకుండా రోస్టర్ వెయ్యండి.

ముంబై కేఈఎం ఆస్పత్రి సంగతి అసలు ఎత్తకండి. అక్కడి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో దాడికి గురై, 2015లో కన్నుమూసేదాకా మంచం మీదే ఉండిపోయింది. దాదాపు 42 ఏళ్ళు తోటి నర్సులే, తరం తర్వాత తరం, ఆమెకు స్నానం చేయించారు, తినిపించారు, పడక పుండ్లు పడకుండా కాపాడారు. వాళ్ళలో చాలామంది కొత్త నర్సులకు ఆమె ముఖపరిచయం కూడా లేని మనిషి. 'చేసేదేమీ లేదు' అన్న మన సిద్ధాంతానికి ఇంతకన్నా చెడ్డ ఉదాహరణ ఉండదు.

4. 'ఏం కాదు' అనడం నేర్పండి

తెలుగు వార్డుల్లో దీనికి మించిన మందు లేదు. స్టాక్ అయిపోదు, ఇండెంట్ పెట్టనక్కర్లేదు. మాదిరి సంభాషణ ఇది:

పేషెంటు: "బిడ్డా, నేను బత్కుతనా?"

నర్సు: "ఛ, అవేం మాటలు తాతా! మందులేసుకో, ఏం కాదు."

చివరి పదం పూర్తయ్యేసరికి నర్సు పక్క మంచం దగ్గర ఉండాలి. ఇక తప్పు పద్ధతి చూడండి:

పేషెంటు: "బిడ్డా, నేను బత్కుతనా?"

నర్సు (స్టూలు లాక్కుని): "ఎందుకట్ల అనిపిస్తుంది తాతా?"

పేషెంటు: "రాత్రి కాళ్ళు సల్లవడ్డయి బిడ్డా. మా అయ్యకు గట్లనే అయింది. రెండెకరాలు చిన్నోని పేరు మీద ఇంకా ఎక్కియ్యలే. వాణ్ణి ఒకపారి పిలిపిస్తవా?"

చూశారా? స్టూలు లాగిన పాపానికి ఇప్పుడు ఆమె చిన్నకొడుక్కి ఫోన్ చెయ్యాలి, డాక్టరుకి చెప్పాలి, కేస్ షీటులో రాయాలి. తాత ఆ రాత్రి నిద్రపోతాడేమో గానీ మందుల ట్రాలీ పావుగంట ఆలస్యం.

ఇంటివాళ్ళు మిమ్మల్ని పక్కకు పిలిచి "ఆయనకు క్యాన్సర్ అని చెప్పకండమ్మా, తట్టుకోలేరు" అంటే వెంటనే మాటివ్వండి. ఆయన ఏం తెలుసుకోవాలనుకుంటున్నాడో ఆయన్నే అడిగి, అంతే మేరకు చెప్పడం అన్న పద్ధతి ఒకటుంది, దాన్ని పట్టించుకోవద్దు. ఆయన రోజూ వచ్చేది గేటు మీద క్యాన్సర్ ఆస్పత్రి అని నిలువెత్తు అక్షరాలున్న చోటికే అయినా, ఆయనకు చదవడం వచ్చినా, ఆయనకేమీ తెలియదనే అందరం అనుకుందాం. ఆయన కూడా ఇంటివాళ్ళ కోసం తెలియనట్టే నటిస్తాడు. నాటకం రక్తి కడుతుంది, వీడ్కోలు మాటలు ఒక్కటీ జరగవు.

ఒక జాగ్రత్త. రోగికి ఒట్టి ధైర్యాలు, ఉచిత సలహాలు పంచేవాళ్ళను దులిపేస్తూ ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సింగ్ మీద తన పుస్తకంలో ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. అది వచ్చి 160 ఏళ్ళు దాటింది. నర్సుల దినోత్సవానికి ఆమె ఫొటోకు దండ వెయ్యండి, కొవ్వొత్తులు వెలిగించండి, పుస్తకం మాత్రం లైబ్రరీలో తాళం వేసిన బీరువాలోనే ఉండనివ్వండి.

5. నొప్పిని నమ్మకండి, మార్ఫిన్‌ను అసలే నమ్మకండి

పేషెంటు పదికి తొమ్మిది అంటే, మనం నాలుగు అని రాసుకోవాలి. ఫోనులో నవ్వుతూ మాట్లాడినవాడికి నొప్పి ఉండదని, మూలగనివాడికి అసలే ఉండదని పిల్లలకు చెప్పండి. మాట రాని పేషెంటు నుదురు ముడిచినా, తిప్పేటప్పుడు దుప్పటి గట్టిగా పట్టుకున్నా, అది అలవాటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి ప్రకటించింది. వీలైనంతవరకూ నోటి ద్వారా, గడియారం ప్రకారం మందివ్వాలంది. మామూలు మార్ఫిన్ మాత్ర పనితనం నాలుగు గంటలు. అందుకని నొప్పి తిరగబెట్టకముందే తర్వాతి డోసు పడాలి. మనం మాత్రం 'ఎస్ఓఎస్' అని రాసుకుందాం. అంటే రోగి అరవాలి, అటెండెంటు పరిగెత్తాలి, సిస్టర్ తాళం వెతకాలి, అప్పుడు మందు. మార్ఫిన్‌తో పాటే విరేచనం మందు కూడా రాయించమని డాక్టరుకి గుర్తుచేసే నర్సును అతి తెలివి కింద జమకట్టండి. మలబద్ధకంతో కడుపు రాయిలా అయి పేషెంటు మార్ఫినే వద్దంటే మన మాటే నెగ్గినట్టు.

మార్ఫిన్ ఇస్తే అలవాటు పడతాడని, ఊపిరి ఆగిపోతుందని రోజూ భయపెట్టండి. నొప్పికి తగ్గట్టు కొద్దికొద్దిగా డోసు పెంచుతూ, మగతను, ఊపిరిని గమనిస్తూ ఇస్తే ఆ ప్రమాదం అరుదన్న మాట వినబడనివ్వకండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఒక సీసా మార్ఫిన్ కోసం ఆస్పత్రులు నాలుగైదు లైసెన్సుల చుట్టూ తిరిగిన రోజులను తలుచుకోండి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి మార్ఫిన్‌తో సహా అత్యావశ్యక మందులకు దారి సులువు చేసిందన్నది మనకు తెలియనట్టే ఉందాం. మార్ఫిన్ తీసే నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు మీద మన రైతులే పండిస్తారు, ఘాజీపూర్, నీమచ్‌లలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలు దాన్ని శుద్ధి చేస్తాయి. పంట మనది, ఫ్యాక్టరీ మనది, నొప్పి కూడా మనదే. అన్నీ ఒకచోట కలవకపోవడమే మన ఘనత.

6. చివరి గంటలను అంకెలతో నింపండి

చావు దగ్గరపడ్డప్పుడు శరీరం కొన్ని గుర్తులు చూపిస్తుంది. చేతులు, కాళ్ళు చల్లబడతాయి, మోకాళ్ళ మీద చర్మం మచ్చలు మచ్చలుగా మారుతుంది. మూత్రం తగ్గుతుంది. ఊపిరి కాసేపు ఆగి, మళ్ళీ వేగంగా అందుకుని, మళ్ళీ ఆగుతుంది. ఇవి ముందే తెలిసిన నర్సు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, ఇలా జరుగుతుంది, భయపడకండి అని చెప్పగలదు. అందుకే ఈ గుర్తులు నేర్పకూడదు. నేర్పకపోతే నర్సు బీపీ చూస్తుంది. అందకపోతే ఇంకో చేతికి చూస్తుంది. గంటకోసారి వేలు గుచ్చి షుగరు చూస్తుంది. అన్నీ చార్టులో ఎక్కుతాయి. చార్టు బతికే ఉంటుంది.

ఇంకో సందర్భం. ఒక పేషెంటు భార్య మంచం దగ్గర్నుంచి పరుగున వచ్చి, "సిస్టర్ గారండీ, ఆయన గొంతులో గురగురమంటుందండీ, ఊపిరాడట్లేదేమోనండీ" అంటుంది. మింగే శక్తి పోయి గొంతులో చేరిన తేమ చేసే చప్పుడది. చూసేవాళ్ళను కలవరపెట్టినంతగా ఆయన్ను బాధపెట్టకపోవచ్చు. ఆయన్ను పక్కకు తిప్పి, తల కాస్త ఎత్తు చేసి, సెలైన్ ఎక్కుతుంటే తగ్గించమని డాక్టరును అడిగి, అవసరమైతే తేమ తగ్గించే ఇంజెక్షన్ రాయించుకుని, ఆమెకు విషయం చెప్పడం ఒక దారి. మన దారి వేరు: ఆమెను బయటికి పంపి, సక్షన్ గొట్టం లోతుగా దించి, సెలైన్ వేగం పెంచండి. చప్పుడు ఇంకా పెరుగుతుంది గానీ ఏదో చేస్తున్నట్టు కనిపిస్తుంది.

స్పృహ లేదు కదా అని మంచం మీదుగా డ్యూటీ మార్పిడి గురించి, పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడుకోనివ్వండి. 2020లో కెనడా పరిశోధకులు ఒక హాస్పిస్‌లో స్పృహ తప్పిన చివరి దశ రోగులను పరీక్షించి, కొందరి మెదడు శబ్దాలకు స్పందిస్తున్నట్టు చూశారు. కెనడా చాలా దూరం.

వీలైతే ప్రతిదానికీ ఒక టిక్కుల ఫారం తయారుచేయండి. బ్రిటన్‌లో లివర్‌పూల్ పద్ధతి అని ఒకటుండేది. మంచి హాస్పిస్‌లో జరిగే సేవను మామూలు ఆస్పత్రికి తేవాలని పెట్టారు. శిక్షణ సరిగా లేనిచోట అది టిక్కులు కొట్టే పనిగా దిగజారిందని ఫిర్యాదులొచ్చి, విచారణ జరిగి, 2013లో దాన్ని ఎత్తేయాలని తేల్చారు. వాళ్ళు పారేసింది టిక్కులనే కాబట్టి మనం టిక్కులతోనే మొదలుపెడదాం.

7. ఇంటివాళ్ళను గేటు దగ్గరే ఉంచండి

ఒక పాసు, ఒక మనిషి, సాయంత్రం గంటసేపు. మంచం చుట్టూ జనం చేరితే ఆక్సిజన్ తగ్గుతుందని చెప్పండి. తులసి తీర్థం పోస్తామంటే గొంతుకు అడ్డం పడుతుందని కసరండి. అడ్డంపడే మాట నిజమే. దూదిని తీర్థంలో ముంచి పెదవుల మీద అద్దితే ఆచారమూ నిలుస్తుంది, నోరూ తడుస్తుంది. జంజం నీళ్ళయినా అంతే. కానీ అది చెప్పాలంటే ఒక నిమిషం ఆగాలి.

"ఇంటికి తీసుకుపోతాం, సొంత గడపలో పోనివ్వండి" అని అడిగినవాళ్ళను ఎదురుతిరిగినవాళ్ళుగా చూడండి. డాక్టరు సలహాకు విరుద్ధంగా వెళుతున్నామనే 'లామా' కాగితం మీద సంతకం పెట్టించుకుని, క్యాన్యులా పీకి, స్ట్రెచర్ దాకా సాగనంపండి. ఇంట్లో నొప్పికి ఏ మందు ఎన్ని గంటలకివ్వాలి, రాత్రి ఆయాసం వస్తే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నవి కాగితం మీద రాసివ్వకండి. నేల మీద చాప పరిచి పడుకోబెట్టేదాకా వాళ్ళ తిప్పలు వాళ్ళవి. గౌరవంగా మరణించే హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో చెప్పింది. చివరి దశలో తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చంది, 2023లో ఆ పద్ధతిని సులువు కూడా చేసింది. ఇవి లాయర్ల గొడవలని విద్యార్థులకు చెప్పండి.

8. ఏడిస్తే వెంటనే పని చెప్పండి

పంతొమ్మిదేళ్ళ పిల్ల మొదటిసారి తన చేతుల మీదుగా ఒక మనిషి పోవడం చూస్తుంది. అంతకుముందు రోజు ఆ మామ్మ ఆమెకు జడ వెయ్యడం రాదని వెక్కిరించి ఉంటుంది. పిల్ల మందుల గదిలో అలమరాకు మొహం తిప్పుకుని నిలబడి ఉంటుంది, భుజాలు కదులుతుంటాయి. ఇదే మంచి అదను. "ఇలాగైతే నర్సెలా అవుతావమ్మా?" అని అడిగి, మంచం కార్బాలిక్ వేసి తుడవమనండి. అరగంటలో కొత్త కేసు వస్తుంది.

షిఫ్టయ్యాక పదినిమిషాలు కూర్చోబెట్టి ఏం జరిగింది, ఏం బాగా చేశావు, ఏం మిగిలిపోయింది అని అడిగే ట్యూటర్లు అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళ పిల్లలు రెండోసారి మంచం దగ్గరికి వెనకాడకుండా వెళుతున్నారు. మన పద్ధతిలో పెరిగిన పిల్ల మూడో చావుకి ఏడవదు, పదో చావుకి చూడదు. అప్పుడామెను సీనియర్ అంటారు.

9. ఈ చోట్లకు పంపకండి

క్లినికల్ పోస్టింగ్ వేసేటప్పుడు కొన్ని చోట్లను జాబితా నుంచి కొట్టెయ్యండి. ముంబైలో 1986 నుంచి నడుస్తున్న శాంతి అవేదన, దేశంలో మొదటి హాస్పిస్. కేరళ కోళికోడ్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ ఉద్యమం మరీ ప్రమాదకరం. అక్కడ డాక్టర్లే కాదు, టీచర్లు, ఆటోవాళ్ళు, గృహిణులు కూడా శిక్షణ తీసుకుని మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళతారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనికి ఒక విధానమే ప్రకటించింది. ఊళ్ళలో నర్సు ఇంటికొచ్చి క్యాథెటర్ మార్చి, పుండు కడిగి, కోడలికి ఎలా తిప్పాలో చూపించి, టీ తాగి వెళుతుంది.

ఇంటికి దగ్గరలోనూ జాగ్రత్త అవసరం. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లలకు కూడా పాలియేటివ్ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి పైసా తీసుకోకుండా చివరి దశ రోగులను చూసుకుంటోంది. తెలంగాణ జిల్లా ఆస్పత్రుల్లో కూడా పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు, అక్కడి సిబ్బంది వ్యాన్లలో ఊళ్ళకు వెళతారు. ఇలాంటి చోట ఒక్క వారం పనిచేసిన విద్యార్థిని తిరిగొచ్చాక నడక తీరు మారిపోతుంది. మంచాల మధ్య స్టూళ్ళు ఎందుకు లేవని అడుగుతుంది.

మాదిరి ప్రశ్నపత్రం

1. పాలియేటివ్ కేర్‌ను నిర్వచించండి. (5 మార్కులు)

2. ఐదు దశలను వరుసగా రాయండి. పేషెంటు ఆ వరుస పాటించకపోతే తప్పు ఎవరిదో వివరించండి. (5 మార్కులు)

3. మృతదేహాన్ని ప్యాక్ చేసే విధానాన్ని పటం సహాయంతో రాయండి. (15 మార్కులు)

4. ఖాళీ పూరించండి: "భయపడకండి మామ్మగారూ, మీకేం ______." (1 మార్కు)

5. రాత్రి రెండు గంటలు. పదకొండో మంచం పెద్దాయనకు నొప్పి లేదు, ఆయాసం లేదు, బీపీ బాగుంది. లైటు ఆర్పవద్దంటున్నాడు. డాక్టరును పిలవాల్సిన అవసరమేమీ లేదు. నర్సు ఏం చెయ్యాలి? (మార్కులు లేవు)

పేపర్లు దిద్దేవారికి సూచన: ఐదో ప్రశ్నకు కీ తయారు కాలేదు. కోర్సు మొత్తంలో ఎవరూ నేర్పని విషయానికి సొంతంగా సరైన జవాబు రాసిన విద్యార్థిని కనిపిస్తే ఆమె హాల్‌టికెట్ నంబరు రాసుకుని, వెంటనే ఆపరేషన్ థియేటరు పోస్టింగుకి మార్చండి. అక్కడ పేషెంట్లు మత్తులో ఉంటారు, ఎవరూ ఏమీ అడగరు.